కొండదారిలో ముందు ఎవరు ఆగాలి?

కాలిఫోర్నియా బే ఏరియాలో చాలా కొండల దగ్గర కారు ఆపి నాలుగడుగులు వేయగానే ఒక పసుపుపచ్చ బోర్డు కనిపిస్తుంది. దానిమీద ఒక త్రికోణం, దాని మూడు కొసల్లో మూడు బొమ్మలు: గుర్రం, నడిచే మనిషి, సైకిలు. సైకిలు నుంచి రెండు బాణాలు బయల్దేరతాయి, ఒకటి మనిషి వైపు, ఒకటి గుర్రం వైపు. మనిషి నుంచి ఒక బాణం గుర్రం వైపు వెళుతుంది. గుర్రం నుంచి ఎటూ బాణం ఉండదు. సైకిలు మీద వచ్చేవాళ్లు మిగతా ఇద్దరికీ దారివ్వాలి, నడిచేవాళ్లు గుర్రానికి దారివ్వాలి. బోర్డు చెప్పేది అంతే.

శని, ఆదివారాల్లో ఫ్రీమాంట్‌లో మిషన్ పీక్ ఎక్కితే దారి పొడుగునా తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. 2,517 అడుగుల కొండ. రానుపోను ఆరు మైళ్లు, దారిలో చెట్టు నీడ దాదాపు ఉండదు. ఆఫీసు స్నేహితుల గుంపులు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను వెంటబెట్టుకొచ్చిన పిల్లలు, మనవల్ని భుజాన ఎత్తుకున్న తాతలు అందరూ కనిపిస్తారు. ఇంతమందిలో ఆ బోర్డు దగ్గర ఆగి చదివేవాళ్లు చాలా తక్కువ. చదివినవాళ్లు కూడా "ఇక్కడ గుర్రాలేంటి?" అనుకుని ముందుకు సాగిపోతారు. గుర్రాలు వస్తాయి. అవి వచ్చినప్పుడు ఏం చేయాలో తెలియక నిలబడిపోయినవాళ్లను చాలామందిని చూశాను. భయంతో పరుగెత్తినవాళ్లనూ, ఫోన్ ఎత్తి వీడియో తీస్తూ గుర్రం ముఖం దాకా వెళ్లినవాళ్లనూ చూశాను.

వ్యక్తిత్వ వికాసం అంటే వేదిక మీద తడబడకుండా మాట్లాడటం, ఇంటర్వ్యూలో నెగ్గడం అని చాలామంది అభిప్రాయం. పేరు తెలియని మనిషి ఇరుకు దారిలో ఎదురైనప్పుడు మనం ఎలా నడుచుకుంటామన్నది అంతకంటే గట్టి పరీక్ష అని నేను నమ్ముతాను. అక్కడ మన ఉద్యోగం ఎవరికీ తెలియదు. మెచ్చుకోవడానికి ఎవరూ ఉండరు. మన అలవాటు ఏదో అదే బయటికి వస్తుంది.

బాణాల వెనక ఉన్న కారణం

త్రికోణం చూసి, గుర్రం మీద వెళ్లేవాళ్లకు ఏదో పెద్ద హోదా ఇచ్చారని అనుకోవద్దు. ఎవరి వల్ల ఎవరు ఎక్కువ బెదురుతారు, ఎవరు త్వరగా ఆగగలరు అన్న లెక్క మీద ఈ వరస కట్టారు. సైకిలు వాడికి చేతిలో బ్రేకు ఉంది, ఆగడం అతని ఇష్టం. నడిచే మనిషి ఒక్క అడుగు పక్కకు వేస్తే చాలు. దాదాపు 450, 500 కిలోల గుర్రం బెదిరితే మాత్రం ఆపడం దానిమీద కూర్చున్న మనిషి చేతుల్లో కూడా పూర్తిగా ఉండదు.

ఇంకో చిన్న నియమం బోర్డు మీద ఉండదు కానీ కొండ ఎక్కేవాళ్లంతా పాటిస్తారు. దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు దారివ్వాలి. ఎక్కే మనిషి ఊపిరి బిగబట్టి ఒక లయలో అడుగులు వేస్తుంటాడు. ఆ లయ తెగితే మళ్లీ అందుకోవడం కష్టం. పైగా అతని చూపు నేలమీదే ఉంటుంది, ఎదురుగా వచ్చేవాళ్లు అతనికి ఆలస్యంగా కనిపిస్తారు. తలమీద కట్టెలమోపుతో ఎదురొచ్చే ఆడమనిషికి మన ఊళ్లలో పొలం గట్టు మీద ఎవరైనా పక్కకు తప్పుకుంటారు, ఎవరూ నేర్పకపోయినా. ఇదీ ఆ మర్యాదే. బరువు మోసేవాడికి, శ్రమలో ఉన్నవాడికి దారి.

దారివ్వడమంటే కంగారుగా పొదల్లోకి దూకడం అనుకోకండి. ఎదుటివాళ్లున్నారని ముందే గమనించడం, వేగం తగ్గించడం, అవసరమైతే పూర్తిగా ఆగడం, మీరు వాళ్లను చూశారని వాళ్లకు తెలియజేయడం, ఇవన్నీ అందులోకే వస్తాయి. చివరిదే అన్నిటికంటే ముఖ్యం. ఈ అధ్యాయంలో ఎక్కువ భాగం దాని గురించే మాట్లాడబోతున్నాను.

గుర్రానికి మనం ఎలా కనిపిస్తాం

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు బలయ్యే జంతువు. వేల తరాలుగా అది బతికి బట్టకట్టింది ఒకే తెలివితో: ముందు పరుగెత్తు, తర్వాత ఆలోచించు. దాని ఒళ్లంతా అందుకు తగ్గట్టే ఉంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. సరిగ్గా తోక వెనకా, నుదుటికి ఎదురుగా ముక్కు కిందా మాత్రం కొంత జాగా కనిపించదు. చెవులు ఒక్కోటీ విడివిడిగా తిరుగుతాయి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు పెట్టి రెండు దిక్కులా వినగలదు.

ఇప్పుడు దాని వైపు నుంచి మనల్ని చూడండి. వీపు మీద పెద్ద సంచి, దానికి వేలాడే నీళ్ల సీసా, తలకు వెడల్పాటి టోపీ, చేతుల్లో రెండు ఊతకర్రలు. ఇది మనిషి ఆకారం అని దానికి వెంటనే తోచదు. చంటిబిడ్డను వీపున కట్టుకున్న తండ్రి రెండు తలల జంతువులా కనిపించవచ్చు. సైకిలు సంగతి మరీ కష్టం. అది చప్పుడు చేయదు. తలవంచి, ఒంగి, వేగంగా, నిశ్శబ్దంగా వెనక నుంచి వచ్చే దేన్నయినా గుర్రం తనను వేటాడే జంతువు అనే అనుకుంటుంది.

అందుకే గుర్రాన్ని చూడగానే చేయవలసిన మొదటి పని నోరు తెరవడం. మాట వినపడితే అది మనిషి అని గుర్రానికి తెలిసిపోతుంది. చాలామంది ఇక్కడే పొరపడతారు. గుర్రం బెదురుతుందేమోనని ఊపిరి బిగబట్టి, చెట్టుచాటున నక్కి నిలబడతారు. పొదచాటున కదలకుండా కాచుకొని ఉండేది ఏమిటో గుర్రానికి బాగా తెలుసు. కనపడేలా నిలబడండి, మామూలు గొంతుతో పలకరించండి.

కుపర్టీనో కొండల్లో ఫ్రీమాంట్ ఓల్డర్ అనే సంరక్షిత ప్రాంతం ఉంది. పక్కనే గుర్రపుశాల ఉండటంతో అక్కడి దారుల్లో గుర్రాలు తరచుగా ఎదురవుతాయి. నడిచేవాళ్లూ, సైకిళ్లవాళ్లూ, గుర్రాలవాళ్లూ అందరూ ఒకే బాట వాడతారు. అక్కడ ఒక ఉదయం చూసిన సంగతి చెబుతాను. మలుపులో ఒక తెలుగు కుటుంబం నడుస్తోంది. కొడుకు, కోడలు, ఊరినుంచి వచ్చిన అత్తమామలు. పెద్దాయన ఎండకు నల్లగొడుగు వేసుకున్నారు. ఎదురుగా ఎర్రగుర్రం మీద నడివయసు అమెరికన్ ఆవిడ వస్తున్నారు. గొడుగు చూడగానే గుర్రం ఆగిపోయింది. మెడ నిటారుగా ఎత్తింది, రెండు చెవులూ రిక్కించింది, ముక్కుపుటాలు పెద్దవయ్యాయి. "నాన్నా, గొడుగు ముడవండి" అన్నాడు కొడుకు. పెద్దాయన మీట మీద వేలు పెట్టబోతుంటే గుర్రం మీదావిడ చెయ్యెత్తి వద్దన్నారు. ఠపీమని ముడిస్తే ఇంకా బెదురుతుంది, నెమ్మదిగా కిందికి దించి పక్కన పెట్టమన్నారు. తర్వాత, దయచేసి ఎవరైనా దీనితో మాట్లాడతారా అని అడిగారు.

కొడుకూ కోడలూ ముఖాలు చూసుకున్నారు. గుర్రంతో ఏం మాట్లాడతాం? అత్తగారు మాత్రం ఆలోచించలేదు. జీవితమంతా ఎడ్లతోనూ గేదెలతోనూ మాట్లాడిన మనిషి కాబోలు, చీరకొంగు బొడ్లో దోపుకుని, "ఏం నాయనా, ఎందుకంత బెదురు? మేమేం చేస్తాం నిన్ను? పో, పో నాయనా, నీ దారిన నువ్వు పో" అన్నారు. ఒక చెవి ఆవిడ వైపు తిరిగింది. మెడ దిగింది. ఓ పెద్ద నిట్టూర్పు విడిచి గుర్రం అడుగు ముందుకేసింది. దానికి కావలసింది ఇంగ్లీషూ కాదు, తెలుగూ కాదు. నెమ్మదైన మనిషి గొంతు.

ఆ కుటుంబం ఇంకో పని కూడా సరిగ్గా చేసింది. దారికి పల్లం వైపు దిగి, నలుగురూ ఒకే పక్కన నిలబడింది. ఇద్దరు ఒక పక్క, ఇద్దరు మరో పక్క నిలబడితే గుర్రం ఇరుక్కుపోయినట్టు భావిస్తుంది. పల్లం వైపు ఎందుకంటే, పైనుంచి మీద పడబోయినట్టు కనిపించేదాన్ని చూసి గుర్రం ఎక్కువ భయపడుతుంది. పైగా బెదిరితే అది ఎగువకే పరుగెత్తాలని చూస్తుంది.

అయితే దీన్ని గుడ్డిగా పట్టుకోవద్దు. గ్రాండ్ కెన్యన్‌లో కంచరగాడిదల వరసలు దిగే దారుల్లో నియమం దీనికి తలకిందులు. అక్కడ ఒక పక్క వందల అడుగుల లోయ. కాబట్టి నడిచేవాళ్లు కొండ వైపే నిలబడాలి, గాడిదలు తోలే మనిషి చెప్పినట్టు వినాలి, కదలకుండా, మాట్లాడకుండా ఉండాలి, చివరి గాడిద 50 అడుగులు దాటాకే దారిలోకి రావాలి అని నేషనల్ పార్క్ సర్వీస్ చెబుతుంది. అక్కడి దారి వేరు, అక్కడి జంతువులు రోజూ వందల మందిని దాటి నడిచేవి. ఎక్కడైనా పనికొచ్చే సూత్రం ఒక్కటే ఉంది. గుర్రం మీదున్న మనిషిని అడగండి. "మేం ఎటు నిలబడాలి?" తన గుర్రం ఎలాంటిదో వాళ్లకు తెలుసు. అడిగితే ఎవరూ విసుక్కోరు, సంతోషిస్తారు.

గుర్రం తోకకు ఎర్ర రిబ్బన్ కట్టి ఉంటే అది తన్నే అలవాటున్న గుర్రమని గుర్తు. పచ్చ రిబ్బన్ ఉంటే ఇంకా దారికి అలవాటుపడని కొత్త గుర్రం. రెండింటికీ దూరంగా ఉండండి. రౌతు రమ్మంటే తప్ప ఏ గుర్రాన్నీ ముట్టుకోవద్దు, ఏదీ తినిపించవద్దు. పిల్లలకు ఈ మాట ఇంటిదగ్గరే చెప్పాలి, గుర్రం ఎదుట కాదు.

గొంతు విప్పడం

మనవాళ్లలో ఒక మంచి గుణం ఇక్కడ అడ్డొస్తుంది. కొత్త మనిషిని వెనకనుంచి కేకేసి పిలవడం మర్యాద కాదని మనకు పెంపకంలోనే ఉంది. ముక్కూ మొహం తెలియని వాళ్లను ఎందుకు కదిలించడం అని, సైకిలు మీద ఉన్న మన కుర్రాడు నడుస్తున్న పెద్దావిడ పక్కనుంచి సడి చేయకుండా జారిపోతాడు. తను ఆమెను ఇబ్బంది పెట్టలేదనే అనుకుంటాడు. ఆమె మాత్రం చెవి పక్క గాలి వీచినట్టయి ఉలిక్కిపడుతుంది. అదే క్షణంలో ఆమె ఒక అడుగు పక్కకు వేసి ఉంటే ఇద్దరూ కిందపడేవాళ్లు.

దారిలో మౌనం మర్యాద కాదు. నేను ఈ విషయంలో చాలా గట్టిగా ఉంటాను, ఎందుకంటే దారిలో జరిగే గొడవల్లో ఎక్కువ భాగం వేగం వల్ల కంటే ముందు చెప్పకపోవడం వల్లే మొదలవుతాయి.

ఎంత దూరం నుంచి పలకరించాలి? అవతలి మనిషి విని, తిరిగి చూసి, ఏం చేయాలో ఆలోచించుకునేంత దూరం నుంచి. పక్కకు వచ్చాక అరిస్తే అది హెచ్చరిక కాదు, భయపెట్టడం. "ఆన్ యువర్ లెఫ్ట్" అనే మాట ఇక్కడ బాగా వాడుకలో ఉంది. కానీ చాలామంది, ముఖ్యంగా పిల్లలూ పెద్దవాళ్లూ, ఎడమ అన్న మాట చెవిన పడగానే సరిగ్గా ఎడమకే జరుగుతారు. అందుకని ముందు "హలో" అనండి, వాళ్లు తిరిగి చూశాక ఎటునుంచి వెళ్తున్నారో చెప్పండి. మీ వెనక ఇంకా ఎవరైనా వస్తుంటే "ఇంకో ఇద్దరు ఉన్నారు" అని కూడా చెప్పండి. మొదటి సైకిలు దాటగానే మళ్లీ దారి మధ్యలోకి వచ్చిన మనిషిని రెండో సైకిలు గుద్దడం ఎంత తేలికో ఆలోచించండి. దాటాక "థాంక్యూ" అనడానికి ఒక్క క్షణం పడుతుంది.

శాన్ ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న మరీన్ కౌంటీలో సైకిళ్లవాళ్లూ గుర్రాలవాళ్లూ నడిచేవాళ్లూ కలిసి "స్లో అండ్ సే హలో" అనే ప్రచారం నడిపారు. వేగం తగ్గించు, పలకరించు. దారి మర్యాద మొత్తాన్ని రెండు పనుల్లో పెట్టారు. సైకిళ్లకు చిన్న గంటలు పెట్టుకోవడం కూడా అక్కడ బాగా ప్రోత్సహిస్తారు. నడిచేవాళ్లకు గంట చాలా మంచిది, మలుపు అవతలకు కూడా వినిపిస్తుంది. గుర్రం దగ్గర మాత్రం గంట కంటే గొంతే నయం.

మాట్లాడటానికి బిడియపడేవాళ్లకు ఇది మంచి సాధన కూడా. ఎదురైన ప్రతి మనిషినీ కళ్లలోకి చూసి "గుడ్ మార్నింగ్" అనండి. జవాబు రాకపోతే పోనివ్వండి. కొన్ని వారాలు ఇలా చేసినవాళ్లు ఆఫీసు మీటింగుల్లో కూడా ముందుగా నోరు విప్పడం నేను గమనించాను. అపరిచితుల ముందు గొంతు రాకపోవడం అనే సమస్యకు కొండదారి చాలా చవకైన బడి.

ఈ బోర్డు ఊరికే పుట్టలేదు

ఆ మరీన్ కౌంటీలోనే కొండ సైకిలు పుట్టింది. 1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ ఊరి పక్కన కొందరు కుర్రాళ్లు పాత, బరువైన సైకిళ్లు వేసుకుని కొండమీది మట్టిదారిలో కిందికి పందెం పెట్టుకున్నారు. రెండు మైళ్ల దూరంలో దాదాపు 1,300 అడుగుల దిగుడు. దిగేసరికి వెనక చక్రం బ్రేకులో గ్రీజు అంతా కాలి ఆవిరైపోయేది, మళ్లీ నింపుకోవలసి వచ్చేది. ఆ దారికి అందుకే రీప్యాక్ అని పేరొచ్చింది. ఆ గుంపులో ఉన్న జో బ్రీజ్ 1977లో కొండల కోసమే ప్రత్యేకంగా సైకిలు తయారు చేశాడు. గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ ఆ సైకిళ్లను జనంలోకి తీసుకెళ్లారు. పదేళ్లు తిరిగేసరికి అమెరికా కొండలన్నిటి మీదా ఈ సైకిళ్లే.

అంతకుముందు ఆ దారులు నడిచేవాళ్లవీ గుర్రాలవీ. వాళ్లకు ఒక్కసారిగా మలుపుల్లోంచి దూసుకొచ్చే సైకిళ్లు ఎదురయ్యాయి. ఫిర్యాదులు, సభలు, కొట్లాటలు. 1980లలో మరీన్‌లోని ఇరుకు బాటలు చాలావరకు సైకిళ్లకు మూసేశారు. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా 2,650 మైళ్లు సాగే పసిఫిక్ క్రెస్ట్ ట్రయిల్‌లో 1988 నుంచి సైకిలు నిషిద్ధం. గుర్రానికి మాత్రం అక్కడ ఇప్పటికీ అనుమతి ఉంది. అదే 1988లో కాలిఫోర్నియాలోని అయిదు సైకిలు క్లబ్బులు కలిసి అంతర్జాతీయ కొండసైకిళ్ల సంఘాన్ని పెట్టుకున్నాయి. దారులు మూసేయడాన్ని ఎదుర్కోవాలంటే ముందు తమవాళ్లకు మర్యాద నేర్పాలని వాళ్లు తెలుసుకున్నారు. వాళ్లు తయారుచేసిన దారి నియమాల్లో తెరిచి ఉన్న బాటల్లోనే వెళ్లడం, సైకిలును అదుపులో ఉంచుకోవడం, దారివ్వడం, జంతువులను బెదరగొట్టకపోవడం ఉన్నాయి.

ఇంగ్లండులో ఈ గొడవను చట్టమే ముందుగా తేల్చింది. అక్కడ గుర్రాల బాటల్లోకి సైకిళ్లను 1968లో అనుమతించారు, కానీ నడిచేవాళ్లకూ గుర్రాలకూ దారివ్వాలన్న షరతు మీద.

ఈ చరిత్ర ఎందుకు చెప్పానంటే, దారి మూతపడటమన్నది ఊహ కాదు, ఇదివరకే జరిగింది. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ కొండల అంచుల మీదుగా 550 మైళ్ల రిడ్జ్ ట్రయిల్ కట్టాలని సంకల్పించారు, 400 మైళ్లకు పైగా పూర్తయింది. అందులో చాలా భాగం ముగ్గురూ కలిసి వాడేదే. ముగ్గురికీ పడకపోతే ఎవరో ఒకరిని బయటికి పంపడమే అధికారులకు తేలికైన దారి.

సైకిలు తొక్కేవాళ్లకు

బే ఏరియా ఉమ్మడి బాటల్లో చాలాచోట్ల సైకిళ్ల వేగపరిమితి గంటకు 15 మైళ్లు. ఎవరినైనా దాటేటప్పుడు, చూపు ఆనని మలుపుల్లో 5 మైళ్లు. కొన్నిచోట్ల రేంజర్లు రాడార్‌తో కొలిచి జరిమానా వేస్తారు. ఈ అంకెలు మరీ తక్కువని గొణిగేవాళ్లున్నారు. ఒక లెక్క వేద్దాం. 15 మైళ్ల వేగమంటే సెకనుకు దాదాపు ఏడు మీటర్లు. మలుపులో మీకు 20 మీటర్ల దారి కనిపిస్తోందంటే, అక్కడ మనిషి కనిపించాక మీ చేతిలో మూడు సెకన్లున్నాయి. చూసి బ్రేకు నొక్కడానికే ఒక సెకను పోతుంది. కంకర మీద గట్టిగా నొక్కితే చక్రం జారుతుంది. మిగిలిన దారిలో ఎదురుగా ఉన్నది ఊతకర్రతో దిగుతున్న మీ నాన్నగారి వయసు మనిషి. 5 మైళ్లంటే మెల్లగా పరుగెత్తే మనిషి వేగం. ఆ వేగంలో అయితే ఆగడానికి బోలెడు వ్యవధి.

నా మాట ఒకటే: కనిపించినంత దూరంలో ఆగలేని వేగంతో ఎప్పుడూ వెళ్లవద్దు. ఫోన్‌లో యాప్ పెట్టుకుని కిందటి వారం కంటే ఎన్ని సెకన్లు ముందు దిగామని చూసుకునేవాళ్లు ఆ పోటీని పందేల కోసం వేసిన దారుల్లో పెట్టుకోవాలి. పదిమంది నడిచే బాటలో అది తప్పు.

ముందు గుర్రం వెళుతుంటే చాలా వెనకనే ఆగండి. "హలో, వెనక సైకిలు ఉంది, ఎప్పుడు దాటమంటారు?" అని అడగండి. రౌతు గుర్రాన్ని మీ వైపు తిప్పి చూపిస్తారు, లేదా వెడల్పుగా ఉన్న చోటు దాకా ఆగమంటారు. ఆ చోటు వచ్చేదాకా వెనకే రావాలి, విసుక్కోకూడదు. దాటేటప్పుడు మాట్లాడుతూ, నెమ్మదిగా, వీలైనంత ఎడంగా వెళ్లండి. రెండు గుర్రాలు వెళుతుంటే వాటి మధ్యలోకి ఎన్నడూ చొరబడవద్దు. జతనుంచి విడిపోతున్నానని వెనకదానికి కంగారు పుడుతుంది. ఎదురుగా వస్తే దిగి, కాలు నేలమీద పెట్టి నిలబడండి.

బ్యాటరీ సైకిళ్ల సంగతి చోటుకో రకంగా ఉంది. కొన్ని పార్కులు మట్టిదారుల్లో అసలు రానివ్వవు. బయల్దేరే ముందు ఆ పార్కు వెబ్‌సైట్ చూసుకోండి.

నడిచేవాళ్ల వంతు

అందరూ మనకే దారివ్వాలన్న ధోరణి నడిచేవాళ్లలో తేలిగ్గా వస్తుంది. మన గుంపుల్లో మరీ ఎక్కువ. ఎనిమిదిమంది స్నేహితులు వరసగా, దారి ఈ చివరినుంచి ఆ చివరిదాకా గోడలా పరుచుకుని, వీసా గురించి, ఇళ్ల ధరల గురించి మాట్లాడుకుంటూ నడుస్తుంటారు. వెనక సైకిలు అతను మూడుసార్లు పిలిచినా వినపడదు. ఇద్దరిద్దరుగా నడవండి. మలుపుల్లో ఒకరి వెనక ఒకరు వెళ్లండి. ఫొటోలకు దారి మధ్యలో ఆగవద్దు, పక్కకు వచ్చి తీసుకోండి.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఒక చెవైనా ఖాళీగా ఉంచుకోండి. ఇక స్పీకర్ పెట్టి పాటలు మోగించడం ఎంత మాత్రం వద్దు. మీకు ఎంత ఇష్టమైన పాటయినా, ఆ కొండకు నిశ్శబ్దం కోసం వచ్చినవాళ్లు ఇంకొందరు ఉంటారు. మలుపు అవతలినుంచి డప్పులు వినిపిస్తే గుర్రం ఏమవుతుందో ఊహించుకోండి.

కుక్కను తీసుకెళితే ఆ పార్కు నియమం చూసుకోండి. చాలాచోట్ల ఆరడుగుల తాడుతో పట్టుకోవాలి. గుర్రం వస్తే తాడు ఇంకా దగ్గరికి చుట్టుకుని, కుక్కకూ గుర్రానికీ మధ్య మీరు నిలబడాలి. మిషన్ పీక్ లాంటి చోట్ల ఆవులు కూడా మేస్తుంటాయి. తెరిచిన గేటు మళ్లీ వేయండి, దూడకూ తల్లికీ మధ్యనుంచి నడవవద్దు. ఈ సంగతి మన పల్లెటూరి అమ్మమ్మలకు మనకంటే బాగా తెలుసు.

మలుపులు తిరగడం ఎందుకని అడ్డదారిన నిలువుగా దిగడం ఇంకో చెడ్డ అలవాటు. మిషన్ పీక్ పక్కలు దీనివల్ల గాట్లు పడి, వానకు మట్టి కొట్టుకుపోయింది. అలా దిగే మనిషి పొదల్లోంచి హఠాత్తుగా దారిమీదికి ఊడిపడతాడు. గుర్రానికైనా సైకిలుకైనా అంతకంటే ప్రమాదం లేదు.

గుర్రాలవాళ్లకూ బాధ్యతలున్నాయి. ఎవరినైనా దాటేటప్పుడు గుర్రాన్ని నడకకు తేవాలి, జనం మధ్య దౌడు తీయించకూడదు. అలవాటుపడని గుర్రాన్ని ఆదివారం పొద్దున రద్దీ దారిలోకి తేకూడదు. వానకు నానిన బాటలో డెక్కలు వేసిన గుంతలు ఎండాక రాళ్లలా గట్టిపడి అందరి కాళ్లూ మెలిపెడతాయి, కాబట్టి బురదరోజుల్లో రాకపోవడమే మేలు. జనం ఆగేచోట లద్దె పడితే దిగి పక్కకు నెట్టాలి. ఎవరైనా ఆగి దారిస్తే థాంక్స్ చెప్పకుండా పోయే రౌతులు కూడా ఉన్నారు, అది తప్పే.

ఎవరైనా కసురుకుంటే

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎప్పుడో ఒకరు మనమీద విసుక్కుంటారు. పరాయి దేశంలో అలాంటి మాట ఇంకా గట్టిగా గుచ్చుకుంటుంది. "మన రంగు చూసి అన్నాడా?" అన్న అనుమానం వస్తుంది. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. అయినా నా సలహా ఏమిటంటే, ముందుగా ఆ మాటలో దారి గురించి ఏముందో చూడండి. దారికి అడ్డంగా నిలబడ్డామా, చివరి నిమిషంలో బ్రేకు నొక్కామా? అయితే "సారీ" అని పక్కకు తప్పుకుంటే అక్కడితో అయిపోతుంది. మన తప్పు లేదనుకుంటే తలవంచుకుని పోనక్కర్లేదు. నిలబడి, గొంతు పెంచకుండా, "మేం పలకరించాం, మీకు వినపడలేదు" అని చెప్పండి. నిజంగా ప్రమాదకరంగా ప్రవర్తిస్తే సమయం, చోటు, సైకిలు రంగు గుర్తుపెట్టుకుని పార్కు రేంజర్లకు ఫోన్ చేయండి. దారిలోనే తేల్చుకుందామని వాదనకు దిగవద్దు. మీ వెనక ఇంకొకరు వస్తుంటారు, వాళ్లకు మీరిద్దరూ కలిసి అడ్డమవుతారు.

ఈ వేసవిలో మీ ఇంటికి అమ్మానాన్నలు వస్తుంటే, కొండకు తీసుకెళ్లే ముందు రోజు రాత్రే వాళ్లతో కూర్చుని ఈ మాటలు చెప్పండి. గుర్రం వస్తే పరుగెత్తవద్దనీ, గొడుగు మెల్లగా దించాలనీ, అందరూ ఒకే పక్క నిలబడి మామూలుగా మాట్లాడుతూ ఉండాలనీ. వెనక గంట మోగితే కుడివైపుకు జరగాలనీ. పొద్దున్నే ఆ పసుపుపచ్చ బోర్డు దగ్గర రెండు నిమిషాలు ఆగి, బాణాలు ఎటు వెళుతున్నాయో పిల్లల చేత చదివించండి. ఆ తర్వాత ఎక్కడం మొదలుపెట్టండి.